కొత్త గ్రాఫిక్స్ కార్డ్ వచ్చింది... కొనేద్దామా, ఆగుదామా?

జూన్ మొదటి వారం. మర్నాడు కంప్యూటర్ నెట్‌వర్క్స్ పరీక్ష. రాత్రి పదకొండున్నరకి మా రూమ్మేట్ పుస్తకం మూసేసి, ఫోన్ పట్టుకుని నా మంచం మీదకొచ్చి కూర్చున్నాడు.

"ఒరేయ్, కార్డ్ వచ్చేసింది. కొనేద్దామా, ఆగుదామా? ఒక్క ముక్కలో చెప్పు."

వాడు అడుగుతున్నది ఏఎండీ వాళ్ళ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ గురించి. 2025 జూన్ 5న అమ్మకానికి వచ్చింది. వాడికి గేమ్ డెవలప్‌మెంట్ అంటే పిచ్చి, మినీ ప్రాజెక్ట్ కూడా అదే. వాళ్ళ నాన్నగారికి ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు. చీటీ పాడి, ఆ డబ్బులోంచి 40 వేలు వీడి చేతిలో పెట్టి "ఇంక అడక్కురా" అన్నారట. షాపులో మొదటి రోజు కనిపించిన మూడు ఫ్యాన్ల మాడల్ ఆ బడ్జెట్ దాటిపోయింది. మిగతా మాడల్స్ రెండు మూడు వారాల్లో వస్తాయని షాపువాళ్ళు చెప్పారు.

నేను "ఆగరా" అన్నాను. వాడు సరేనని వెళ్ళి పడుకున్నాడు. నిద్ర పట్టనిది నాకే. ఎందుకంటే ఈ "ఆగు" అనే మాట మా ఇంట్లో ఇంతకుముందు రెండుసార్లు విన్నాను. ఒకసారి బాగా కలిసొచ్చింది. ఇంకోసారి మా అక్కకి నష్టం చేసింది. ఆ రాత్రి వాడికి ఒక్క ముక్కలో చెప్పిన జవాబుని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఎల్‌కేజీ నుంచి నాది ఇంగ్లిష్ మీడియం. ఈ సబ్జెక్ట్‌లో చాలా మాటలకి తెలుగు నాకు తెలీదు, షాపులో కూడా ఎవరూ వాడరు. అందుకని మనమందరం వాడే మాటలే ఇక్కడా వాడతాను.

చిప్ ఒకళ్ళది, కార్డ్ ఇంకొకళ్ళది

మనం "ఎన్‌విడియా కార్డ్", "ఏఎండీ కార్డ్" అంటాం కానీ, ఆ రెండు కంపెనీలు ముఖ్యంగా డిజైన్ చేసేది కార్డ్ మధ్యలో ఉండే చిప్‌ని. జీపీయూ అంటే అదే. దాన్ని తయారు చేసే ఫ్యాక్టరీ కూడా వాళ్ళది కాదు. ఇప్పుడొస్తున్న కార్డుల చిప్స్ తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ దగ్గర తయారవుతున్నాయి. ఆ చిప్స్‌ని అసూస్, ఎంఎస్‌ఐ, గిగాబైట్, జోటాక్, సఫైర్, పవర్‌కలర్ లాంటి కంపెనీలు కొనుక్కుని కార్డులుగా చేసి అమ్ముతాయి. వీళ్ళని బోర్డ్ పార్ట్‌నర్స్ అంటారు.

చిప్ ఒక్కటే ఉంటే కార్డ్ అయిపోదు. దాన్ని కూర్చోబెట్టడానికి ఒక సర్క్యూట్ బోర్డ్ కావాలి. చుట్టూ మెమరీ చిప్స్ ఉండాలి. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులని చిప్ తట్టుకునే ఒక వోల్ట్ దగ్గరకి దించే సర్క్యూట్ ఉండాలి. దాన్ని వీఆర్‌ఎం అంటారు. ఇన్నిటి మీదా వేడిని లాగేసే కూలర్ ఉండాలి.

చిప్ కంపెనీ తనే ఒక బోర్డ్, ఒక కూలర్ డిజైన్ చేసి "కార్డ్ ఇలా ఉంటుంది" అని చూపిస్తే అది రిఫరెన్స్ కార్డ్. ఎన్‌విడియా 2016లో జీటీఎక్స్ 1080 దగ్గర్నుంచి తన సొంత కార్డుకి ఫౌండర్స్ ఎడిషన్ అని పేరు పెట్టింది. పార్ట్‌నర్ కంపెనీలు అదే చిప్ తీసుకుని తమ బోర్డ్, తమ కూలర్ పెట్టి అమ్మేది కస్టమ్ కార్డ్. ఇడ్లీ పిండి ఒకే మిల్లు నుంచి వచ్చినా నాలుగు బండ్ల దగ్గర నాలుగు రకాలుగా ఉంటుంది కదా, అలాంటిదే ఇది. పిండి బాగోకపోతే మాత్రం ఏ బండి దగ్గరైనా ఇడ్లీ బాగోదు. చిప్ స్లోగా ఉంటే ఏ కూలరూ దాన్ని పై తరగతి కార్డ్ చేసెయ్యలేదు.

ఇది గుర్తుపెట్టుకుంటే చాలా ఆశలు తగ్గుతాయి. కస్టమ్ కార్డుల మీద "ఓసీ" అని పెద్దగా రాసుంటుంది. ఫ్యాక్టరీలోనే కొంచెం స్పీడ్ పెంచారని దాని అర్థం. గేమ్‌లో దానివల్ల వచ్చే తేడా సాధారణంగా అయిదు శాతం లోపే. 60 ఎఫ్‌పీఎస్ వచ్చేచోట 62, 63 వస్తుంది. దానికోసం నెలలు ఆగక్కర్లేదు.

మరి జనం దేనికోసం ఆగుతారు?

వేడి, చప్పుడు, కరెంటు

చాలా ఏళ్ళు రిఫరెన్స్ కార్డులకి బ్లోయర్ అనే కూలర్ పెట్టేవాళ్ళు. ఒకే ఒక్క చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి పీల్చి, వేడిని కేసు వెనకనుంచి బయటికి ఊదేస్తుంది. ఎంత ఇరుకు కేసులో పెట్టినా పనిచెయ్యడం దీని గొప్ప. చిన్న ఫ్యాన్ కాబట్టి చాలా స్పీడుగా తిరగాలి, అందుకని చప్పుడెక్కువ. కస్టమ్ కార్డుల్లో పెద్ద హీట్‌సింక్, రెండో మూడో పెద్ద ఫ్యాన్లు ఉంటాయి. నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది.

దీనికి బాగా పేరుమోసిన ఉదాహరణ ఏఎండీ ఆర్9 290ఎక్స్. 2013 అక్టోబర్ 24న 549 డాలర్లకి వచ్చింది. చిప్ చాలా బాగుంది, కూలర్ సరిపోలేదు. కార్డ్ 95 డిగ్రీల దగ్గర నడిచేలాగే సెట్ చేశారు. ఆ హద్దు చేరగానే చిప్ తన స్పీడ్ తనే తగ్గించుకునేది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. డిసెంబర్‌లో కస్టమ్ కార్డులు వచ్చాక అదే చిప్ తక్కువ వేడితో, తక్కువ చప్పుడుతో, పూర్తి స్పీడులో నడిచింది. రెండు నెలలు ఆగినవాళ్ళు తెలివైనవాళ్ళన్నమాట. కానీ సరిగ్గా ఆ టైముకే లైట్‌కాయిన్ మైనింగ్ చేసేవాళ్ళు అమెరికాలో ఈ కార్డులన్నీ ఎగబడి కొనేశారు, ధరలు పెరిగిపోయాయి. మంచి కార్డ్ కోసం ఆగినవాళ్ళకి కార్డ్ వచ్చింది గానీ ధర అందలేదు.

ఇంకో ఉదాహరణ కరెంటుకి సంబంధించింది. 2016 జూన్ 29న ఆర్‌ఎక్స్ 480 వచ్చింది. మదర్‌బోర్డ్ స్లాట్ నుంచి కార్డ్ తీసుకోదగ్గ కరెంటు 75 వాట్లు. 6 పిన్ కేబుల్ నుంచి ఇంకో 75. మొత్తం 150. రిఫరెన్స్ కార్డ్ ఫుల్ లోడ్‌లో స్లాట్ నుంచి ఆ హద్దు దాటి లాగుతోందని రివ్యూ చేసినవాళ్ళు కొలిచి చూపించారు. ఏఎండీ జూలైలోనే కొత్త డ్రైవర్ ఇచ్చి సరిచేసింది. తర్వాత వచ్చిన కస్టమ్ కార్డులు చాలావాటికి 8 పిన్ కనెక్టర్ పెట్టారు. దాని నుంచి 150 వాట్లు తీసుకోవచ్చు కాబట్టి స్లాట్ మీద భారం పడదు. ఇలాంటి తేడా ఎఫ్‌పీఎస్ పట్టికలో కనపడదు.

అసలు కస్టమ్ కార్డులు మొదటి రోజే ఎందుకు రావు అంటే, పార్ట్‌నర్స్‌కి ఫైనల్ చిప్స్, ఫైనల్ బయోస్ ఆలస్యంగా అందుతాయి. చిప్ ఎన్ని వాట్లు తింటుందో ఖాయంగా తెలియకుండా కూలర్ ఎంత పెద్దది చెయ్యాలో తేల్చలేరు. డబ్బు విషయం కూడా ఇంతే. అమెరికాలో మంచి పేరున్న ఈవీజీఏ కంపెనీ 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డుల వ్యాపారమే మానేసింది. కొత్త కార్డ్ ధర తమకి కూడా చివరిదాకా తెలియదన్నది అప్పుడు వాళ్ళు చెప్పిన బాధల్లో ఒకటి.

అన్నయ్య ఆగాడు

ఇప్పుడు మా ఇంటి సంగతి. 2019లో అన్నయ్యకి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతాలు దాచుకుని ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీ కొనాలనుకున్నాడు. అది జూలై 7న 399 డాలర్లకి వచ్చింది. మొదట వచ్చినవన్నీ బ్లోయర్ కార్డులే. కస్టమ్ కార్డులు ఆగస్టు మధ్యలో బయటి దేశాల్లో మొదలయ్యాయి, మా అన్నయ్యకి నచ్చిన రెండు ఫ్యాన్ల మాడల్ సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో దొరికేసరికి సెప్టెంబర్ అయింది. ప్రతి శనివారం వెళ్ళి అడిగి వచ్చేవాడు. షాపతను చివరికి వీణ్ణి చూడగానే "ఇంకా రాలే తమ్మీ" అని దూరం నుంచే చెయ్యి ఊపేవాడట.

అన్నయ్య ఆగింది ఎఫ్‌పీఎస్ కోసం కాదు. మాది ఖమ్మం. ఈ సంగతి ఎవరూ వివరంగా రాయరు కాబట్టి నేను రాస్తాను.

కూలర్ చేసే పని చిప్‌ని ఒక ఫిక్స్‌డ్ టెంపరేచర్‌కి దించడం కాదు. గది గాలి కంటే చిప్ ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటుందన్నదే కూలర్ చేతిలో ఉంటుంది. ఫ్యాన్ స్పీడ్, వాట్లు మారకపోతే ఆ తేడా దాదాపు అలాగే ఉంటుంది. రివ్యూ చేసేవాళ్ళు ఏసీ గదిలో, 22, 23 డిగ్రీల దగ్గర టెస్ట్ చేస్తారు. అక్కడ కార్డ్ 75 చూపించిందంటే గది కంటే 52 డిగ్రీలు ఎక్కువ. మే నెలలో ఏసీ లేని మా గదిలో మధ్యాహ్నం 38 ఉంటుంది. 38కి 52 కలపండి. 90. అక్కడ "బాగుంది" అనిపించుకున్న కార్డ్ ఇక్కడ హద్దు దగ్గరకి వచ్చేస్తుంది. నిజానికి 90కి వెళ్ళనివ్వకుండా ఫ్యాన్ స్పీడ్ పెంచుకుంటుంది, అంటే రివ్యూలో రాసినదానికంటే చప్పుడు చాలా ఎక్కువగా వినపడుతుంది.

ఇంకో లెక్క. 5700 ఎక్స్‌టీ తీసుకునే పవర్ 225 వాట్లు. పాత సీలింగ్ ఫ్యాన్ ఒకటి 75 వాట్లు అనుకుంటే, మూడు ఫ్యాన్ల కరెంటు అంతా వేడిగా మారి ఆ గదిలోకే వస్తుంది. ఎంత మంచి కూలరైనా ఆ వేడిని చిప్ నుంచి తీసి గదిలో పడెయ్యడమే చేస్తుంది, మాయం చెయ్యదు. కాబట్టి మన ఎండలకి కార్డ్ కూలర్‌తో పాటు కిటికీ కూడా ముఖ్యమే.

ఆ కార్డ్ ఇప్పుడు ఖమ్మంలో మా ఇంట్లో ఉంది. అన్నయ్య లాప్‌టాప్‌కి మారాక నాకిచ్చాడు. సెలవుల్లో ఎండాకాలం మధ్యాహ్నం గేమ్ ఆడుతున్నా హాల్లో అమ్మకి దాని చప్పుడు వినపడదు. రెండు నెలలు ఆగాడు, ఆరేళ్ళుగా వాడుతున్నాం. ఇది కలిసొచ్చిన కథ.

అక్క కూడా ఆగింది

2020 డిసెంబర్ 2న ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 టీఐ వచ్చింది. 399 డాలర్లు. అక్క అప్పుడు ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం. థీసిస్‌కి బిల్డింగ్ రెండర్స్ చెయ్యాలి. తను వాడే రెండరింగ్ సాఫ్ట్‌వేర్ జీపీయూ మీద నడవాలంటే ఎన్‌విడియా కార్డే ఉండాలి, అందుకని అన్నయ్య కార్డ్ పనికిరాలేదు. నాన్న డబ్బు ఇచ్చారు. షాపులో ఒక కార్డ్ ఉంది, చిన్న కూలర్‌ది. అక్క అన్నయ్యకి ఫోన్ చేసింది. అన్నయ్య తన అనుభవంతోనే చెప్పాడు: "తొందరపడకు. నెల రోజులాగితే మంచి కూలర్ ఉన్నవి వస్తాయి, ధర కూడా సర్దుకుంటుంది."

సంక్రాంతికి అడిగితే ఏ మాడలూ లేదు. మార్చిలో ఉంది, కానీ ధర దాదాపు రెట్టింపు. కోవిడ్ వల్ల చిప్స్ కొరత, ఇంట్లో కూర్చున్నవాళ్ళందరికీ కంప్యూటర్లు కావాలి, ఈథీరియం మైనింగ్ చేసేవాళ్ళు కార్డులు గంపగుత్తగా కొనేస్తున్నారు. అన్నీ ఒకేసారి వచ్చాయి. ఈథీరియంకి కార్డులతో మైనింగ్ అక్కర్లేకుండా పోయింది 2022 సెప్టెంబర్‌లో. అప్పటిదాకా ఎవరు ఆగగలరు?

అక్క తన పాత లాప్‌టాప్ మీదే రెండర్స్ చేసింది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి ఒక బొమ్మ వచ్చేది. లాప్‌టాప్ కింద రెండు పుస్తకాలు ఎత్తుగా పెట్టి, టేబుల్ ఫ్యాన్ దాని మీదకి తిప్పేది. కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి. అనుకున్న పన్నెండు వ్యూస్‌లో అయిదే సబ్మిట్ చెయ్యగలిగింది. పాసైంది, కానీ ఆ అయిదు బొమ్మలే తన పోర్ట్‌ఫోలియో. అన్నయ్య సారీ చెప్తే నవ్వి, "నీ మంచి కూలర్ వచ్చేలోపు నా డిగ్రీ అయిపోయింది రా" అంది. ఆ రోజు నుంచి అన్నయ్య ఎవరికీ ఊరికే "ఆగు" అని చెప్పడు.

అన్నయ్య తప్పు ఏంటని చాలాసార్లు ఆలోచించాను. 2019లో మొదట వచ్చిన కార్డుకి ఒక లోపం ఉంది, బయట సరుకు మామూలుగా దొరుకుతోంది, తనకి అర్జెంటు లేదు. 2020లో ఈ మూడూ తలకిందులు. షాపులో ఉన్నదే కస్టమ్ కార్డ్, చిన్న కూలరైనా పనిచేస్తుంది. సరుకు లేదు. అక్కకి సబ్మిషన్ డేట్ ఉంది. నిదానమే ప్రధానం అన్న సామెతా మనదే, ఆలస్యం అమృతం విషం అన్నదీ మనదే. ఏది ఎప్పుడు వాడాలో సామెత చెప్పదు, మనమే చూసుకోవాలి.

కస్టమ్ అంటే బెటర్ అనే రూల్ కూడా లేదు

2020 సెప్టెంబర్ 17న వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080కి కస్టమ్ కార్డులు మొదటి రోజే వచ్చాయి. వాటిలో కొన్ని గేమ్ మధ్యలో క్రాష్ అయ్యాయి. చిప్ వెనక పెట్టిన కెపాసిటర్ల రకం గురించి పెద్ద చర్చ నడిచింది. నెలాఖరుకి ఎన్‌విడియా ఇచ్చిన డ్రైవర్‌తో చాలామందికి సమస్య తగ్గింది. ఎన్‌విడియా సొంత కార్డ్‌లో కూలర్ కూడా అప్పటికి బ్లోయర్ కాదు, బాగానే ఉంది. అంటే ఏడేళ్ళ కిందటి 290ఎక్స్ రూల్‌ని దీనికి పెడితే తప్పయ్యేది.

2022 డిసెంబర్‌లో మళ్ళీ రివర్స్. ఏఎండీ ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ రిఫరెన్స్ కార్డుల్లో కొన్ని 110 డిగ్రీలకి వెళ్ళిపోయాయి. కూలర్ లోపలుండే వేపర్ చాంబర్‌లో నీళ్ళు తక్కువ పడ్డాయని ఏఎండీ తర్వాత ఒప్పుకుంది. సొంత కూలర్లు పెట్టుకున్న కస్టమ్ కార్డులకి ఆ బాధ లేదు.

ఇక 2025కి వచ్చేసరికి ప్రశ్నే మారింది. మా రూమ్మేట్ అడిగిన 9060 ఎక్స్‌టీకి ఏఎండీ సొంత కార్డే లేదు. అంతకుముందు వచ్చిన 9070 ఎక్స్‌టీకీ లేదు. ఎన్‌విడియా 5070 టీఐకి కూడా ఫౌండర్స్ ఎడిషన్ రాలేదు. అన్నీ కస్టమ్ కార్డులే. కాబట్టి ఇప్పుడు ఆగడమంటే మంచి కూలర్ కోసం కాదు, ఎక్కువ శాతం ధర కోసం. కంపెనీ ప్రకటించిన ధరకి దగ్గరగా ఉండే మామూలు మాడల్స్ కోసం. 9060 ఎక్స్‌టీ 16 జీబీకి ప్రకటించిన ధర 349 డాలర్లు. దాన్ని రూపాయల్లోకి మార్చి 18 శాతం జీఎస్టీ కలిపి చూస్తే, షాపులో చెప్తున్న రేటు న్యాయంగా ఉందో లేదో ఒక అంచనా వస్తుంది.

పొద్దున్న వాడికి చెప్పింది

నాకు నిద్ర లేదు కాబట్టి నోట్‌బుక్ వెనక పేజీలో రాసిపెట్టాను. పరీక్షకి వెళ్తూ వాడికిచ్చాను. ఇంచుమించు ఇదీ అందులో ఉన్నది.

ఒకటి. దేనికోసం ఆగుతున్నావో ఒక వాక్యంలో రాసుకో. "ఇంకా మంచిది వస్తుందేమో" అన్నది వాక్యం కాదు. "రెండు ఫ్యాన్ల మాడల్ 40 వేల లోపు రావాలి" అన్నది వాక్యం.

రెండు. సరుకు సంగతి చూడు. మూడు షాపుల్లో అడుగు. రెండు చోట్ల ఉంటే ఆగొచ్చు. ఎక్కడా లేకపోతే, దొరికిన దాన్ని తక్కువగా చూడకు.

మూడు. కార్డ్‌తో చెయ్యాల్సిన పనికి తేదీ ఉందా? ఉంటే ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టు.

నాలుగు. ఖరీదైన కస్టమ్ కార్డ్ ధర పై తరగతి చిప్ ధరని తాకుతుంటే దాన్ని వదిలెయ్. ఆ డబ్బుకి పెద్ద చిప్పే వస్తుంది. లైట్లు మెరుస్తాయని ఎక్కువ ఇవ్వకు.

అయిదు. కేసు లోపల టేప్ పెట్టి కొలువు. మూడు ఫ్యాన్ల కార్డులు 30 సెంటీమీటర్లు దాటేవి ఉన్నాయి. వారంటీ ఎన్నేళ్ళో, సర్వీస్ సెంటర్ ఏ ఊళ్ళో ఉందో అడుగు.

ఆరు. ఆగే తేదీ ఒకటి పెట్టుకో. ఆ రోజుకి రాకపోతే ఉన్నవాటిలో మంచిది కొనెయ్. కొన్నాక ధరలు చూడ్డం మానెయ్.

వాడు చదివి, ఆరో దాని పక్కన "జూన్ 30" అని రాశాడు. మినీ ప్రాజెక్ట్ రివ్యూ ఆగస్టులో ఉంది, కార్డ్ చేతికొచ్చాక నేర్చుకోడానికి నెలైనా కావాలన్నాడు. ఇంత సులువుగా లెక్క తేలుతుందని నేననుకోలేదు.

జూన్ 24న వాడికి రెండు ఫ్యాన్ల మాడల్ ఒకటి 39 వేలకి దొరికింది. అది ఆ నెలలో వచ్చినవాటిలో అన్నిటికంటే మంచిదేమీ కాదు. ఆ వారం తర్వాత ఇంకో 500 తగ్గిందో పెరిగిందో మేం చూళ్ళేదు. మిగిలిన వెయ్యితో వాళ్ళ నాన్నగారికి చొక్కా బట్ట కొన్నాడు. ఆయన ఫోన్ చేసి "కార్డ్ బాగుందా?" అని అడిగితే, వీడు "చప్పుడే లేదు నాన్నా" అన్నాడు. ఆయనకి అర్థమయ్యిందో లేదో గానీ, "అయితే మంచిదే" అన్నారట.

ఈ వ్యాసం మొదట అక్కకి పంపించాను. ఇప్పుడు తను బెంగళూరులో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో చేస్తోంది. ఆఫీసులో తన కంప్యూటర్‌లో ఏ కార్డ్ ఉందో కూడా తనకి తెలీదట. చదివి ఒకటే మాట అంది: "ఆరో పాయింట్ మొదట పెట్టు."

నేను మార్చలేదు. కానీ మీరు మాత్రం దాన్నే మొదట చదవండి.